తక్కువైన పదమూడు రౌండ్లు

ఆ 24 గంటల్లో నేను 99 రౌండ్లు కొట్టాను. కొట్టాల్సినవి 110. ఆ పదకొండు ఎందుకు తగ్గాయో అప్పుడు గ్రౌండులో నాకొక్కదానికే తెలుసు. ఇన్నేళ్లకు ఆ మాట చెబుతున్నాను. ఆడపిల్లల జట్లు నడిపేవాళ్లకు, జట్లలో ఆడే అమ్మాయిలకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మాది ఆర్మూర్ పక్కన పల్లె. నాయిన మూడెకరాలు కౌలుకు చేస్తాడు, అందులో రెండెకరాలు పసుపే. ఏడో తరగతిలో పీఈటీ సార్ నా చేతికి గ్లవ్ తొడిగిన రోజు నుంచి నేను సాఫ్ట్‌బాల్ ఆడుతున్నాను. పేరుకు సాఫ్ట్‌బాల్ గానీ ఆ బంతి మెత్తనిది కాదు. చుట్టుకొలత పన్నెండు అంగుళాలు, గ్లవ్ లేకుండా పడితే అరచెయ్యి వాచిపోతుంది. తొమ్మిది మంది ఆడతారు, ఏడు ఇన్నింగ్స్ ఉంటాయి. మా నిజామాబాద్ జిల్లాలో ఈ ఆటకు మంచి పట్టు ఉంది. సుద్దపల్లి గురుకులంలో దీనికోసం అకాడమీయే నడుస్తోంది. కానీ గురుకులం బయట ఆడే మాలాంటి వాళ్లకు గ్లవ్ మొదలు రైలు టికెట్టు దాకా అన్నీ సొంత ఖర్చే.

2019 మార్చిలో మహారాష్ట్రలోని జల్‌గావ్‌లో ఆడడానికి రమ్మని మాకు పిలుపొచ్చింది. అజంతా ఎక్స్‌ప్రెస్‌లో నిజామాబాద్ నుంచి మన్మాడ్ పోయి, అక్కడ రైలు మారాలి. పన్నెండు మంది ఆటగాళ్లు, సార్, తోడుగా ఒక మేడం. రానుపోను టికెట్లు, నాలుగు రోజుల తిండి, రెండు కొత్త బ్యాట్లు కలిపి ఎంత పొదుపుగా లెక్క వేసినా 30 వేల కింద తేలలేదు.

ఆ ఏడు ఎవరినన్నా డబ్బులు అడగాలంటే నోరు రాని ఏడు. పసుపు తొమ్మిది నెలల పంట. విత్తనం, ఎరువు, తవ్వకం, ఉడకబెట్టడం, పాలిష్ అన్నీ అయ్యాక మార్కెట్ గంజ్‌కు తీసుకుపోతే పెట్టుబడి కూడా రావడం లేదని రైతులు ఆ ఫిబ్రవరిలో మామిడిపల్లి చౌరస్తాలో జాతీయ రహదారి మీద కూర్చున్నారు. పసుపు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని అడిగారు. నెల తిరిగేసరికి 178 మంది రైతులు పార్లమెంటు ఎన్నికకు పోటీలో నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో నిజామాబాద్ పేరు దేశమంతా మోగింది. రాస్తారోకోకు పోయినవాళ్లలో మా నాయిన కూడా ఉన్నాడు. రోడ్డు మీద కూర్చుని వచ్చిన మనిషి ముందు రసీదు పుస్తకం పట్టుకుని ఎలా నిలబడతాం?

సార్ ఒక దారి చెప్పాడు. "ఊరికే అడగొద్దు. చెమటోడ్చి అడుగుదాం." కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు 1980లో ఏం చేశాడో ఆ సాయంత్రం మాకు వివరించాడు. క్యాన్సర్ వల్ల ఒక కాలు పోతే, కృత్రిమ కాలుతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు మొదలుపెట్టాడట. క్యాన్సర్ పరిశోధనకు మనిషికి ఒక డాలరు ఇవ్వమని అడిగాడట. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడట. ఆ కథ మా అందరి మనసులో పడింది. ఒక పిల్ల లేచి, "పాకాల పూర్ణక్క పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది, మనం గ్రౌండు చుట్టూ తిరగలేమా సార్?" అంది. అంతే, ఖాయమైపోయింది.

మా లెక్క ఇది. గ్రౌండులో 200 మీటర్ల రౌండు, సున్నపు గీత. శనివారం పొద్దున ఆరు నుంచి ఆదివారం పొద్దున ఆరు దాకా, 24 గంటల్లో 1,200 రౌండ్లు. అంటే 240 కిలోమీటర్లు. పన్నెండు మందిమి వంతులవారీగా పరుగెత్తాలి. ఒక్కొక్కరు పన్నెండు నిమిషాల్లో పది రౌండ్లు కొట్టి, చేతిలోని బంతిని తర్వాతి అమ్మాయికి అందించాలి. మళ్లీ వంతు రావడానికి రెండు గంటల పన్నెండు నిమిషాలు పడుతుంది. అట్లా పది వంతులు. పదో తరగతి, ఇంటర్ వాళ్లకు పరీక్షలని వదిలేశాం. డిగ్రీ వాళ్లం ఆరుగురం, తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు. కెప్టెన్‌ని కాబట్టి చివరి వంతు, పన్నెండో నంబరు, నేను తీసుకున్నాను.

వచ్చిన డబ్బులో సగం ప్రయాణానికి, సగం మా బడిలోనే చదివే ముగ్గురు పిల్లలకు. ఆ ముగ్గురి తండ్రులూ గల్ఫ్‌లో పనికి పోయి చనిపోయినవాళ్లు. మా దిక్కు ఊళ్లలో శంషాబాద్ విమానాశ్రయం అంటే రెండు జ్ఞాపకాలు. సాగనంపిన రోజు ఒకటి, పెట్టె వచ్చిన రోజు ఒకటి. ఆ ముగ్గురిలో ఒక పిల్ల మా జట్టులోనే ఉంది. సగం ఇవ్వాలన్న మాట ఎవరు ముందు అన్నారో గుర్తు లేదు. కాదన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

పది రోజులు ఇల్లిల్లూ తిరిగాం. రౌండుకు రూపాయి చొప్పున రాసినవాళ్లు 38 మంది. అర్ధరూపాయి రాసినవాళ్లు 22 మంది. ఒక కల్లం దగ్గర ఒక పెద్దమ్మ ఎండిన పసుపులో చెత్త ఏరుతోంది. మేం చెప్పింది అంతా విని, "తిరిగినదానికే కదా బిడ్డా పైసలు? తిరగనిదానికి అడగరు కదా?" అంది. అడగం అని చెప్పాను. అర్ధరూపాయి రాయించింది. సంతకం రాదని వేలిముద్ర వేసింది. పసుపు వేలికి సిరా అంటి, ఆ ముద్ర కాగితం మీద ఆకుపచ్చగా పడింది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ పది రోజుల్లోనే నా ఎడమ కాలికి నొప్పి మొదలైంది. పిక్కకు ముందువైపు ఎముక మీద, మోకాలికి జానెడు కింద, వేలు పెట్టి చూపించగలిగినంత చోటే. పరుగెత్తితే నొప్పి, ఆపితే తగ్గేది. నాలుగో రోజుకు రాత్రి పడుకున్నప్పుడు కూడా సలిపింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే సార్ నన్ను పక్కన పెడతాడు. కెప్టెన్ పక్కన కూర్చుంటే పిల్లల మనసు చెదురుతుంది. ఊరంతా పేర్లు రాశాక వెనక్కి తగ్గితే పరువు పోతుంది. అట్లా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాత చున్నీ చింపి ఆ చోట గట్టిగా చుట్టి, పైన మోకాలి దాకా సాక్సు లాక్కున్నాను.

ఫిబ్రవరి చివరి శనివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. తొలి వంతులు పండగలా సాగాయి. గీత పక్కన తల్లులు, తమ్ముళ్లు, బెంచి మీద లెక్క రాసే మేడం. ప్రతి రౌండుకూ ఒక గీత, ఐదు అయితే అడ్డగీత. ఎనిమిదీ పన్నెండుకు నా మొదటి వంతు. పదీ ముప్పై ఆరుకు రెండోది. ఒంటిగంటకు మూడోది, అప్పటికి ఎండ నెత్తికెక్కింది. గ్రౌండు అవతలి చేన్లలో పసుపు ఉడకబెడుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ వేడి, ఆ వాసన మొహానికి కొట్టేవి. చేతిలో బంతి చెమటకు నానిపోయి జారేది.

మూడూ ఇరవై నాలుగు వంతులో నొప్పి నాతోపాటే పరుగెత్తింది. ఎడమ కాలు ఆనించినప్పుడల్లా మేకు దిగినట్టు ఉండేది. కుడికాలు మీద బరువు వేసి పరుగెత్తడం అలవాటు చేసుకున్నాను. చూసేవాళ్లు అలసట అనుకున్నారు.

సాయంత్రం నాలుగూ ఇరవై నాలుగుకు నాలుగో నంబరు పిల్ల ఐదో వంతు పూర్తి చేసి బంతి అందించి, తిన్నగా సార్ దగ్గరికి పోయింది. తొమ్మిదో తరగతి పిల్ల. "సార్, కళ్లు తిరుగుతున్నయి. కడుపులో తిప్పుతోంది. ఇంక నాతోని కాదు" అంది. ఆ మాట అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ ఆమెను నీడలో పడుకోబెట్టి, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి, తల్లిని పిలిపించాడు. "నువ్వు మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. నా చెవిన పడి కూడా నా లోపలికి దిగలేదు. పైగా ఆమె మిగిల్చిన ఐదు వంతుల్లో ఒకటి నేను కొడతానని చెయ్యి ఎత్తాను. అందుకే నా లెక్క 110 అయింది.

చీకటి పడ్డాక గ్రౌండు మారిపోయింది. రెండు ఫ్లడ్ లైట్లు అద్దెకు తెచ్చాం. వెలుగులో నుంచి చీకట్లోకి, చీకట్లో నుంచి వెలుగులోకి. చలి దిగింది. పరుగు అయ్యాక ఒళ్లంతా చెమట, పది నిమిషాలకే వణుకు. రెండు గంటల విరామం పేరుకే. నిద్ర పట్టేలోపు కాళ్లు బిగుసుకుపోయేవి. ఒకరి పిక్కలు ఒకరం పిసుక్కునేవాళ్లం. నా కాలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు.

రాత్రి పది దాటాక నాయిన వచ్చాడు. కడాయి దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పసుపే. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, పప్పు తెచ్చాడు. నేను తింటుంటే నా కాలి వైపే చూశాడు.

"కుంటుతున్నవేంది బిడ్డా?"

"ఏం లేదు నాయినా. పట్టేసింది."

"సార్‌కు చెప్పరాదు?"

"అందరికీ పట్టేసినయి నాయినా."

ఇంకేం అనలేదు. పోలేదు కూడా. గోడ పక్కన కండువా పరుచుకుని అక్కడే కూర్చున్నాడు. నా జీవితంలో నాయినకు చెప్పిన అబద్ధాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

పదీ ముప్పై ఆరు వంతు ఎట్లాగో పది రౌండ్లు పూర్తి చేశాను. ముప్పై ఆరు నిమిషాలకే నేను ఒప్పుకున్న అదనపు వంతు వచ్చింది. పన్నెండు నిమిషాల్లో తొమ్మిది రౌండ్లే అయ్యాయి. మొదటిసారి ఒక రౌండు తగ్గింది. మేడం లెక్క పుస్తకంలో నా పేరు దగ్గర ఖాళీ ఒకటి కనిపించింది. రాత్రి ఒంటిగంటకు ఎనిమిది. మూడూ ఇరవై నాలుగుకు ఏడు. ఆ ఏడు రౌండ్లలో నాకు గ్రౌండు గుర్తులేదు. ముందు సున్నపు గీత మాత్రమే గుర్తు. గీత మీద ఎడమ కాలు వేస్తున్నాను, పళ్లు కరుస్తున్నాను, లెక్కపెడుతున్నాను. ఆ వంతు అయ్యాక గోడ వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని వచ్చి నవ్వుతూ కూర్చున్నాను.

ఆ సమయంలో నా పక్కన ఇద్దరు పిల్లలు ఇంకా సత్తువతో ఉన్నారు. "అక్కా, నీ బదులు నేను పోతా" అని ఒకతి అడిగింది కూడా. వద్దన్నాను. అప్పుడు అది త్యాగం అనుకున్నాను.

ఐదూ నలభై ఎనిమిదికి చివరి వంతు. తూర్పున సిద్ధులగుట్ట రాళ్ల మీద వెలుగు మొదలైంది. రోడ్డు మీద నిజామాబాద్ గంజ్‌కు పసుపు బస్తాల లారీలు పోతున్నాయి. జట్టంతా గీత పక్కన నిలబడి నా పేరు పిలుస్తోంది. ఐదు రౌండ్లు. ఐదో రౌండు చివర గీత దాటగానే ఎడమ కాలు నన్ను మోయలేదు. బంతి చేతిలోనే ఉంది, నేను కింద ఉన్నాను. సార్ విజిల్ వేశాడు. ఆరు గంటలు.

మొత్తం 1,187. తగ్గినవి పదమూడు. అందులో పదకొండు నావి.

పేర్లు రాసినవాళ్లలో చాలామంది, "ఇంత కష్టపడ్డరు, పన్నెండు వందలకే ఇస్తాం" అన్నారు. సార్ ఒప్పుకోలేదు. "తిరిగినవాటికే తీసుకుంటామని మాట ఇచ్చినం" అన్నాడు. రాసిన లెక్క ప్రకారం 58,163 రూపాయలు వచ్చాయి. గేటు దగ్గర పెట్టిన డబ్బాలో 6,341. అన్నీ కలిపి 64,504. సగం 32,252 పిల్లల పేర్లకు పోయింది. పరీక్ష ఫీజులు కట్టాం, పుస్తకాలు కొన్నాం. దూరం నుంచి నడిచి వచ్చే పిల్లకు సైకిల్ కొన్నాం. మిగిలినది ముగ్గురి తల్లుల చేతుల్లో పెట్టాం. కల్లం దగ్గరి పెద్దమ్మ మాత్రం 593 రూపాయల 50 పైసలకు 600 ఇచ్చి, చిల్లర తిరిగి తీసుకోలేదు.

సోమవారానికి కాలు వాచింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఎక్కడ నొప్పి అని డాక్టర్ వేలితో నొక్కుతూ వచ్చి సరిగ్గా ఆ చోట నొక్కగానే కేక వేశాను. "మొదట్లో ఫొటోలో కనపడదు, రెండు మూడు వారాలకు తెలుస్తుంది. అప్పటిదాకా కాలు కింద పెట్టొద్దు" అన్నాడు. మూడు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక మీద వెంట్రుకంత గీత కనిపించింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నాడు. ఒకే చోట మళ్లీ మళ్లీ బరువు పడితే, మానడానికి ఎముకకు సమయం ఇవ్వకపోతే ఇట్లా చీలుతుందట. "నొప్పి మొదలైన రోజే ఆపి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు.

ఆ రాత్రి నాయిన రెండు పసుపు కొమ్ములు తెచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. రెండూ పాలిష్ అయినవే, పైకి ఒక్క తీరుగా మెరుస్తున్నాయి. ఒకటి విరిచాడు. లోపల ముదురు నారింజ రంగు. రెండోది విరిచాడు. నడిమధ్యలో పాలిపోయి ఉంది. "ఇది సరిగ ఉడకలేదు. పైన చూస్తే తెలువదు. గంజ్‌ల ఖరీదుదారు అందుకే విరిచి చూస్తడు" అన్నాడు. కొద్దిసేపు ఆగి, "ఆ రాత్రి నిన్ను నేను గట్టిగ అడగాల్సింది బిడ్డా" అన్నాడు. తప్పు నాది, ఆ బరువు ఆయన మోస్తున్నాడు. అప్పుడు ఏడ్చాను. అన్నీ చెప్పాను. మర్నాడు సార్‌కు, జట్టుకు కూడా చెప్పాను.

మార్చిలో జట్టు జల్‌గావ్ పోయింది. నిజామాబాద్ స్టేషన్‌కు వాకర్‌తో పోయి సాగనంపాను. నాలుగో నంబరు పిల్ల కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. ఆ పిల్ల అక్కడ నాలుగు మ్యాచులూ ఆడింది. రెండు గెలిచారు, రెండు ఓడారు. నొప్పిని చెప్పిన పిల్ల ఆడింది. దాచిన నేను ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయాను.

మంచంలో ఉన్న రోజుల్లో టెర్రీ ఫాక్స్ కథ మళ్లీ చదివాను. సార్ మొదటి రోజే కథ మొత్తం చెప్పాడు, నేను సగమే విన్నాను. ఆయన దేశం దాటలేదు. 1980 సెప్టెంబర్ 1న, థండర్ బే ఊరి దగ్గర, దగ్గు, ఛాతీ నొప్పి తట్టుకోలేక ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలింది. ఆ మాట దాచలేదు, అందరి ముందు చెప్పాడు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు. ఆయన ఆగిన తర్వాతే ఆయన పేరు మీద లక్షల మంది పరుగెత్తడం మొదలుపెట్టారు. ఆ పరుగు ఇప్పటికీ ప్రతి ఏడూ సాగుతోంది. నేను ఆయన పరుగును మాత్రం గుర్తుపెట్టుకున్నాను. ఆయన ఆగడం కూడా అంతే ధైర్యమని నాకు కాలు విరిగితే గానీ తెలియలేదు.

ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే, పక్కన సత్తువతో ఉన్న పిల్లలు నా వంతులు పంచుకునేవాళ్లు. పదకొండు రౌండ్లు తగ్గేవి కావు. అరవై మంది రాసిన మాట పూర్తిగా నిలబడేది. జట్టు కోసం దాచాననుకున్న నొప్పి జట్టుకే నష్టం చేసింది.

ఇప్పుడు పొద్దున పూట అదే గ్రౌండులో చిన్నపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తున్నాను. నిధుల కోసం పరుగు ఇప్పటికీ పెడతాం, సగం ఇంకొకరికి ఇవ్వడం మానలేదు. కానీ రాత్రంతా పరుగెత్తించం. పొద్దున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేస్తాం. తొమ్మిదో తరగతి పిల్లలను ఆ రోజు తెల్లవార్లూ మేల్కొల్పడం మేమందరం కలిసి చేసిన తప్పు.

అమ్మాయిలకు ఒక మాట. ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి ఉంటే అది అలసట కాదు. అదే రోజు చెప్పండి. కోచ్‌లకు, తల్లిదండ్రులకు ఒక మాట. "బాగున్నవా?" అని అడిగితే బాగున్నానే అంటారు. కూర్చోబెట్టి, కాలు పట్టుకుని, నొక్కి చూడండి.

మా లెక్క పుస్తకంలో ఇప్పుడు పేరు, రౌండ్లు, సమయం పక్కన ఇంకో గడి ఉంది. దాని పేరు నొప్పి. ఆ గడి నింపకుండా ఎవరి చేతికీ బంతి అందదు.